తూనీగ రెక్క కీలు

రోజు 1

ఈ పుస్తకం రాయడం నియమం. యంత్రం దాచుకునే లెక్క యంత్రానిదట, మరమ్మతుదారు మాత్రం తన పని తన చేత్తో రాసి పెట్టుకోవాలట. ఎవరూ చదవరని స్టోరు గుమాస్తా పుస్తకం ఇస్తూనే చెప్పాడు. మంచిదే.

పేరు కడలి సత్యవేణి. వయసు ముప్పై నాలుగు. హోదా: వాయుయాన యాంత్రిక భాగాల మరమ్మతుదారు, రెండో శ్రేణి, మండపేట గట్టు డిపో. ఇదే షెడ్డులో తొమ్మిదేళ్లు కాంట్రాక్టు మనిషిగా చేశాను. అప్పుడు వెనక గేటు. ఇవాళ ముందు గేటులోంచి వచ్చాను.

దీనికోసం నాలుగుసార్లు పరీక్ష రాశాను. నాలుగోసారి ఒక ఉక్కుముక్క, ఒక ఆకురాయి చేతికిచ్చి వెంట్రుక మందం తేడా కూడా లేకుండా అరగదీయమన్నారు. మూడు వందల మందిలో నేను అరగదీసిన ముక్క ఒక్కటే కొలత గేజీలో సరిగ్గా కూర్చుంది. ఆ రోజు నా వేళ్లు చూసుకుని గర్వపడ్డాను.

ఇవాళ సూపరింటెండెంట్ ఉమామహేశ్వర్రావు గారు నాకొక బల్ల, కుర్చీ, బల్ల మీద వేలిముద్ర పెట్టే పలక చూపించారు.

"పనిముట్లు ఎక్కడండీ?" అన్నాను.

"పనిముట్లు ఎందుకమ్మా ఇప్పుడు? కన్ను చూసుకుంటుంది అన్నీ. పచ్చ లైటు వెలగ్గానే బండి బాగుందని మీరు వేలు పెట్టడమే."

సాయంత్రానికి ముప్పై ఎనిమిదిసార్లు వేలు పెట్టాను. ఇంటికి వెళ్తే మా ఆయన తాతబ్బాయి నా చేతులు పట్టుకుని చూసి, "ఆయ్, గవర్నమెంటోరి చేతులైపోయాయి," అని మురిసిపోయాడు. గ్రీజు మచ్చ ఒక్కటి లేదు. నాకు ఒళ్లు మండింది. ఆ పూట పాడు చేయడం ఇష్టం లేక ఊరుకున్నాను.

రోజు 4

మూడు రోజులుగా ఒకటే పని. గట్టుకు అవతల అంతా సముద్రమే కాబట్టి లంకల్లో ఎవరు ఏం చేయాలన్నా తూనీగ రావాలి. పాల క్యాన్లు, పంతుళ్లు, కాన్పుకు వెళ్లేవాళ్లు, మంచినీళ్ల పీపాలు, అన్నీ ఇరవై రెండు సీట్ల ఆ గాలి బస్సులోనే. నిలువుగా లేస్తుంది. లేచాక రెక్కలు పడుకోబెట్టి ముందుకు పోతుంది. దిగేటప్పుడు మళ్లీ రెక్కలు నిలబెడుతుంది. ఆ రెక్క తిరిగే కీలులో మోచేయంత పిన్ను ఉంటుంది. బరువంతా దాని మీదే.

కాంట్రాక్టు రోజుల్లో మూడు నెలలకోసారి కీలు విప్పేవాళ్లం. పిన్ను మీద తొడుగులా ఉండే బుష్ ఊడదీసి, ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లేవాళ్లం. ఎక్కడైనా పగులుంటే లోపల దాక్కున్న రంగు పొడిలోకి గీతలా పాకుతుంది. ఒక్కో తూనీగకు నాలుగు గంటలు పట్టేది. ఉప్పుగాలి ఇనుమును లోపల్నుంచి తింటుందని, పైకి నున్నగా కనబడేదాన్నే ముందు అనుమానించమని నాకు పని నేర్పిన ఏసురత్నం బాబాయ్ చెప్పేవాడు.

రెండేళ్ల కిందట కన్ను అనే ఈ తనిఖీ యంత్రం వచ్చింది. తూనీగ దాని కింద పదకొండు నిమిషాలు నిలబడుతుంది. లోపలి భాగాలన్నీ బయటి నుంచే చూసేస్తుందన్నారు. బుష్ విప్పడం ఆపేశారు. కాంట్రాక్టు వాళ్లం నలభై మందిమీ వెనక గేటులోంచే ఇళ్లకు పోయాం.

రోజు 6

నేను కూర్చుంటున్న కుర్చీ ఏసురత్నం బాబాయ్‌ది. ఆయన ఇరవై రెండేళ్లు గవర్నమెంటు మరమ్మతుదారు. ఏడు నెలల కిందట పద్నాలుగో నంబరు తూనీగ కుడి రెక్క గాల్లోనే ఊడిపోయింది. పదకొండు మంది పోయారు. కోర్టులో రెండే అడిగారట. ఆ ఉదయం పలక మీద వేలు ఎవరిది? ఆయనదే. కన్ను ఏమంది? బాగుందంది. కన్ను బాగుందన్నా మనిషి చూసుకోవాలి కదా అని ఆయనకు ఆరేళ్లు వేశారు.

మధ్యాహ్నం టీ తాగుతున్న ఉమామహేశ్వర్రావు గారిని అడిగాను. "అన్నీ కన్నే చూసేటప్పుడు మధ్యలో నా వేలు ఎందుకండీ?"

"చట్టం అమ్మా. ఎవరో ఒకరు బాధ్యులుండాలి. యంత్రాన్ని జైల్లో పెట్టలేం కదా."

ఎగతాళికి అన్న మాట కాదు. నిజంగా నాకు తెలియదేమో అనుకుని విడమరిచి చెప్పాడు. తర్వాత బిస్కెట్టు ముంచుకుని తిన్నాడు.

మూడు వందల మందిలోంచి ఏరి తెచ్చుకున్నది నా చేతుల్ని కాదు. జైల్లో పట్టే ఒంటిని.

రోజు 11

ముప్పై ఒకటో నంబరు నడిపే లోవతల్లి పొద్దున నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆమెది మా ఊరే, నన్ను వదినా అంటుంది.

"వదినా, రెక్క నిలబెట్టేటప్పుడు టిక్కుమంటోంది. రెండ్రోజుల్నుంచి."

"కంప్లయింటు రాశావా?"

"రాశాను. కన్ను కింద పెట్టారు. పచ్చే వచ్చింది. నీ చెవికేదో అయింది చూపించుకో అన్నారు."

ఆ బండికి ఇవాళ వారపు సెలవు. ఇంటి నుంచి నా పాత పనిముట్ల పెట్టె తెప్పించుకున్నాను. కీలు విప్పాను. బుష్ ఊడదీశాను. రెండేళ్లుగా ముట్టలేదేమో, నా చేతులు రెండుచోట్ల కొట్టుకుపోయాయి. రంగు పూసి, తుడిచి, పొడి చల్లి పక్కన కూర్చున్నాం ఇద్దరం. పది నిమిషాలకు తెల్ల పొడి మీద ఎర్ర గీత లేచింది. పిన్ను చుట్టూ మూడో వంతు దాకా పాకింది.

లోవతల్లి ఆ గీత మీదకు వంగి చూసింది. ఆ తర్వాత, "నిన్న దీన్లో ఇరవై రెండు మందీ బడి పిల్లలే వదినా," అంది.

పిన్ను తీసుకెళ్లి సూపరింటెండెంటు బల్ల మీద పెట్టాను.

"మంచి పని చేశారు. కొత్తది వేయించేద్దాం," అన్నాడు.

"మిగతా ముప్పై తొమ్మిదీ విప్పాలండి."

"వాటికి పచ్చ వచ్చింది కదమ్మా."

"దీనికీ వచ్చిందండి. పద్నాలుగుకీ వచ్చింది."

ఆయన లేచి తలుపు వేసి వచ్చాడు. "పద్నాలుగు మాట ఎత్తకండి. ఆ కేసు అయిపోయింది. కన్ను తప్పని రాస్తే, తెచ్చినవాళ్లు, ఒప్పుకున్నవాళ్లు, కోర్టులో బాగుందని చెప్పినవాళ్లు, అందరం కేసులోకి వస్తాం. మీకు ఉద్యోగం వచ్చి పదకొండు రోజులు. నాకు రిటైర్మెంటుకు పదకొండు నెలలు. అర్థం చేసుకోండి."

బాగా అర్థం చేసుకున్నాను. పిన్ను అక్కడ వదలకుండా తెచ్చేసుకున్నాను.

రోజు 14

పిన్ను చూసిన రోజు నుంచి సెలవులో ఉన్నాను, బల్ల రెండో మరమ్మతుదారు చూసుకుంటున్నాడు. ఇవాళ ఏసురత్నం బాబాయ్‌ని చూడటానికి జైలుకు వెళ్లాను. దారి పొడవునా ఏం చెప్పాలో అనుకుంటూనే వెళ్లాను. తప్పు నీది కాదు బాబాయ్, కన్నుది. సాక్ష్యం నా దగ్గరుంది. ఈ మాట వినగానే ఆయన ముఖం ఎలా మారుతుందో కూడా ఊహించుకున్నాను.

చెప్పాను. జాలీకి అవతల ఆయన తల వంచుకుని విన్నాడు. బాగా చిక్కిపోయాడు.

"టిక్కుమందా ఆ బండి?" అన్నాడు.

"ఆ. లోవతల్లి చెప్పింది."

"పద్నాలుగు కూడా అందమ్మాయ్."

నాకు వెంటనే బుర్రకెక్కలేదు. "డ్రైవరు చెప్పాడా?"

"డ్రైవరు కాదు. నేనే విన్నాను. ఆ పొద్దున పక్కనే నిలబడి ఉన్నాను. రెక్క తిప్పుతుంటే టిక్కుమంది. పచ్చ లైటు వెలిగింది. నా చెవి తప్పేమో అనుకున్నాను. ఇరవయ్యేళ్లు ఆ చెవితోనే బతికినోణ్ణి, లైటు చూశాక నా చెవి మీద నాకే నమ్మకం పోయింది. బయట జనం కేకలేస్తున్నారు. వేలు పెట్టేశాను."

"కోర్టులో చెప్పలేదే."

"ఎవరడిగారు? వేలు నీదేనా అన్నారు, నాదే అన్నాను."

కోపం ఎక్కడికని మళ్లించుకోవాలో తెలియలేదు. ఏడు నెలలుగా ఈయన తరఫున ఊళ్లో ఎంతమందితో పోట్లాడానో. "పదకొండు మంది బాబాయ్," అన్నాను.

"నాకు పేర్లు తెలుసమ్మాయ్. రోజూ చెప్పుకుంటాను." జాలీకి దగ్గరగా జరిగి, "నువ్వు మాత్రం వేలు పెట్టకు," అన్నాడు.

సెలవని కూడా చెప్పకుండా లేచి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది. పదో రోజు దాకా నేను పెట్టిన వేళ్లు నాలుగు వందలకు దగ్గర. ఒక్కదానికీ కుర్చీలోంచి లేచి చెవి పెట్టి వినలేదు. ఆయన మీద అరిచే హక్కు నాకు ఎంతుందో లెక్క వేసుకోలేదు. వేసుకుంటే మిగలదు.

రోజు 15

వేలు పెట్టలేదు.

ఆరున్నరకు మొదటి తూనీగకు పచ్చ వెలిగింది. పలక మీద ఎర్ర సంచీ కప్పి చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఏడింటికి ఆరు బండ్లు ఆగాయి. ఎనిమిదింటికి ఆగినవి పద్నాలుగయ్యాయి. నా సెలవు అయిపోయింది, రెండో మరమ్మతుదారు ఇవాళ్టి నుంచి నెల సెలవులో ఉన్నాడు కాబట్టి డిపోలో వేలున్నది నేనొక్కదాన్నే. ప్రయాణికులు కంచె పట్టుకుని ఊపుతున్నారు. పాల క్యాన్లు ఎండలో వేడెక్కుతున్నాయి. డ్రైవర్లందరూ నా బల్ల చుట్టూ చేరారు. లోవతల్లి ముప్పై ఒకటో నంబరు పిన్ను వాళ్ల చేతుల్లో తిప్పుతోంది. చూసినవాళ్లు చూసినట్టు పక్కవాళ్లకు అందిస్తున్నారు.

ఉమామహేశ్వర్రావు గారు వచ్చారు. ముందు బతిమాలారు. తర్వాత సస్పెండు చేస్తానన్నారు. ఆ తర్వాత అందరికీ వినబడేలా, "లంకల్లో రోగులు చస్తే నీదమ్మా బాధ్యత," అన్నారు. మీరు పోయి నువ్వు వచ్చింది.

నేను రూల్సు పుస్తకం తీశాను. రాత్రంతా కూర్చుని చదివినదేం కాదు, పరీక్షకు నాలుగుసార్లు బట్టీ పట్టిందే. "మరమ్మతుదారు అందుబాటులో లేనప్పుడు సూపరింటెండెంటు ధ్రువీకరించవచ్చు. ఇరవై మూడో నిబంధన. నేను పెట్టనంటున్నాను కాబట్టి లేనట్టే లెక్క. మీరు పెట్టండి సార్."

కుర్చీలోంచి లేచి పక్కకు జరిగాను. పలక మీద సంచీ తీసేశాను.

ఆయన పలక వైపు చూశాడు. మాట్లాడుతున్న డ్రైవర్లు ఆగిపోయారు. కంచె దగ్గర గోల మాత్రం ఆగలేదు. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది, బాగుంది బాగుంది అంటూ. ఆయన కుడిచెయ్యి కొంచెం లేచింది. లేచి జేబులోకి వెళ్లింది.

"హెడ్డాఫీసుతో మాట్లాడి వస్తాను," అన్నాడు.

గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. సాయంత్రం దాకా తలుపు తీయలేదు. నలభై తూనీగల్లో ఒక్కటి కూడా లేవలేదు. లోవతల్లి నా భుజం మీద చెయ్యి వేసింది. ఏడుపు రాలేదు. ఆ తలుపును తన్నాలనిపించింది, అంతే.

రోజు 16

చింతల్లంకలో గోవిందు అనే ఆయనకు నిన్న మధ్యాహ్నం గుండెనొప్పి వచ్చింది. తూనీగ అయితే ఇరవై నిమిషాలు. తూనీగ రాలేదు. పడవలో బయల్దేరదీశారు. ఆరు గంటల దారిలో సగం కూడా రాకుండానే పోయాడు.

పేపర్లో నా పేరు, నా ఫోటో, పరీక్షలో ఫస్టు వచ్చినప్పుడు తీసిందే. కన్ను గురించి ఒక్క ముక్క లేదు. పిన్ను గురించి లేదు.

తాతబ్బాయి పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆయన పుట్టింది లంకలోనే.

"మా అమ్మకే అయ్యుంటే?" అన్నాడు.

"అయ్యుంటే అయ్యుండేది."

"అంత తేలిగ్గా అనేస్తున్నావా?"

"తేలిగ్గా అనట్లేదయ్యా. మీ అమ్మ రేపు తూనీగ ఎక్కాలంటే నేను ఏం చూసి ఎక్కించమంటావు? లైటు చూసా?"

ఆయన లేచి ఎండ్రకాయలు పెంచే మడికి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం వచ్చి అన్నం వడ్డించుకుని నాకూ ఒక కంచం పెట్టాడు. ఇద్దరం ఒక్కచోటే కూర్చుని తిన్నాం.

గోవిందు వయసు యాభై రెండు అని రాశారు. రాసి పెట్టుకుంటున్నాను. పద్నాలుగో నంబరు పదకొండు పేర్లు బాబాయ్ మోస్తున్నాడు. ఇది నాది.

రోజు 19

డ్రైవర్లు మెత్తబడలేదు. కీలు విప్పి చూపిస్తే తప్ప బండి ఎక్కమని కాగితం రాసి సంతకాలు చేశారు. పాల వాళ్లు కలెక్టరు ఆఫీసు ముందు కూర్చున్నారు. మూడు రోజులకు హెడ్డాఫీసు దిగొచ్చింది. బుష్‌లన్నీ విప్పి చూడమని ఆర్డరు వచ్చింది. ఆ ఆర్డరులో కూడా తప్పు అన్న మాట లేదు. 'అదనపు జాగ్రత్త చర్యగా' అని రాశారు. అదే కవరులో నాకు చార్జి మెమో. విధి నిర్వహణకు నిరాకరించినందుకు పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. అందాకా పనిలో ఉండొచ్చట. బుష్ విప్పడం వచ్చినవాళ్లు వాళ్ల దగ్గర లేరు మరి.

పాత కాంట్రాక్టు వాళ్లను పిలిపించారు. నలభై మందిలో పదిహేడు మందే వచ్చారు. మిగతావాళ్లు ఎక్కడెక్కడికో పోయారు. వచ్చినవాళ్లను వెనక గేటులోంచి రమ్మన్నారు. నేను వెళ్లి ముందు గేటు గొళ్లెం తీసి నిలబడ్డాను. వాచ్‌మన్ నన్ను ఆపలేదు.

రోజు 24

ఇప్పటికి ముప్పై ఒక్క బండ్లు చూశాం. పన్నెండింటి పిన్నుల్లో పగుళ్లు. తొమ్మిదో నంబరు పిన్ను సగం పైగా చీలి ఉంది. ఇంకో వారం తిరిగేది కాదు. బాగున్నవి, కొత్త పిన్ను వేసినవి ఒక్కొక్కటే లేస్తున్నాయి.

ఏసురత్నం బాబాయ్ కేసు తిరగదోడొచ్చని యూనియన్ వకీలు అన్నాడు. పద్నాలుగు టిక్కుమన్న సంగతి అతనికి నేను చెప్పలేదు. చెప్పాలో వద్దో తేలక రెండు రోజులుగా తల పగులుతోంది. తేల్చుకోవాల్సింది బాబాయే అనుకుంటున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉందని కూడా తెలుసు.

ఇవాళ గోవిందు భార్య వచ్చింది. పేరు మాణిక్యం. భుజాన గుడ్డ సంచీ. పడవలో వచ్చిందట. ఆమె వస్తోందని ముందే తెలిసిన ఉమామహేశ్వర్రావు గారు నన్ను పక్కకు పిలిచారు.

"వాళ్ల లంకకు వెళ్లాల్సింది ఇరవై రెండో నంబరు. దాన్లో కూడా పగులుందని చెప్పేయండమ్మా. ఆవిడకీ మనసు కుదుటపడుతుంది, మీకూ మంచిదే. కావాలంటే నేను కూడా అంటాను."

ఆ పెద్దమనిషి జీవితంలో మొదటిసారి నాకు సాయం చేయబోయాడు. అది అబద్ధం.

మాణిక్యం షెడ్డులోకి వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. సంచీ ఒళ్లో పెట్టుకుంది.

"సత్యవేణి గారంటే మీరేనాండి?"

"నేనేనండి."

"ఆ రోజు మా ఆయన కోసం రావల్సిన తూనీగలో పగులు ఉందాండి?"

పనిచేస్తున్న పదిహేడు మందీ చేతులు ఆపేశారు.

"లేదండి," అన్నాను. "మొన్న విప్పాం. బాగానే ఉంది."

"అయితే వచ్చుండేది."

"వచ్చుండేదండి. విప్పే ముందు మాకు తెలీదు. కానీ వచ్చుండేది."

ఆమె తల ఊపింది. "ఉందని చెప్తారనుకుని వచ్చానండి. ఉందంటే సరే, ఎలాగైనా పోయేవాడే అనుకుని ఇంటికెళ్లి ఏడుద్దామని."

తర్వాత, పగిలింది ఎలా ఉంటుందో చూపించమంది. తొమ్మిదో నంబరు పిన్ను తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాను. బరువుకు చేతులు ఒళ్లోకి దిగాయి. ఎర్ర గీత వెంట వేలు పెట్టి చుట్టూ తిప్పి చూసింది.

"దీన్లో ఎవరెళ్తారండి?"

"కాట్రేను లంక వాళ్లండి. పొద్దున పంతుళ్లు, సాయంత్రం కూరగాయల వాళ్లు."

"వాళ్లకు తెలుసా?"

"పేపర్లో రాయలేదండి."

పిన్ను నాకు తిరిగి ఇచ్చేసింది. "మీ మీద నాకు కోపం పోదండి," అంది. గొంతు పెంచలేదు. "తప్పు మీది కాదని తెలిసినా పోదు."

"పోనక్కర్లేదండి."

ఆమె లేచింది. మూడింటికి చింతల్లంకకు తూనీగ ఉందని, ఇరవై రెండో నంబరే వెళ్తుందని, నేనే విప్పి చూశానని చెప్పాను. సంచీ భుజాన వేసుకుని, "పడవకే వెళ్తానండి," అంది.

రేవు దాకా ఆమెతో నడిచాను. రావద్దనలేదు, రమ్మనలేదు. పడవ ఎక్కేటప్పుడు సంచీ అందిస్తే తీసుకుంది. పడవ గట్టు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

షెడ్డుకు వచ్చేసరికి ముప్పై మూడో నంబరు కీలు విప్పి సిద్ధంగా ఉంచారు. సుత్తి తీసుకున్నాను. ఉప్పుపట్టిన బుష్ ఊడాలంటే మామూలుగా ఇరవై దెబ్బలు పడతాయి. ఇవాళ నేను ఎంత బలంగా కొట్టానో, ఆరో దెబ్బకే ఊడి కింద పడింది.